గొడుగుల తాత తద్దినం

...ఎండు చేప పెట్టవచ్చా పెట్టకూడదా అన్నది కాదు అసలు ప్రశ్న. ఆ ముసలాయన దాన్ని ఎలా నములుతాడు అన్నది. రెండో రీలులో ఆయన నవ్వినప్పుడు పై వరసలో ఒక్క పన్ను కూడా కనబడదు. పోయినవాళ్ళకు పళ్ళతో పనేముందని నిరుడు ఎవరో రాశారు గాని, ఆ వాదన తక్ ఇన్‌హోకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చడం లేదు. పోయినంత మాత్రాన మనిషికి కొత్తగా పళ్ళు మొలుస్తాయా? మెత్తటిది ఏదైనా పెట్టాలి. టోఫు. అవును, టోఫు అయితే చిగుళ్ళతో నమలవచ్చు.

ఈ నిర్ణయానికి వచ్చి అతను తనలో తాను నవ్వుకునేసరికి, మెట్రోలో పక్కన నిలబడ్డ స్కూలు పిల్ల ఒక అడుగు అవతలికి జరిగింది. ఇన్‌హో నవ్వు ఆపుకొని, దక్షిణ కొరియాలోని డేగు నగరంలో ఆఫీసుకు వెళ్ళే మగవాళ్ళందరూ పొద్దున పూట పెట్టుకునే మొహం పెట్టుకున్నాడు.

సాయంత్రం ఏం చేయాలో అంతా ముందే అనుకున్నాడు. ఆరింటికి ఆఫీసులోంచి బయటపడాలి. దారిలో టోఫు, ఒక చిన్న సీసా బియ్యం సారా కొనాలి. ఎనిమిదింటికి గొడుగుల తాత ఫొటో ముందు గిన్నెలో సారా పోసి, రెండుసార్లు సాష్టాంగపడి, బల్లను ఫొటో తీసి ఆన్‌లైన్ బృందంలో పెట్టాలి. ఆ తర్వాత నిద్ర వచ్చేదాకా కబుర్లు. సంవత్సరంలో ఇన్‌హో మనసు విప్పి మాట్లాడే రాత్రి అదొక్కటే. అది కూడా టైపు చేస్తూ.

గొడుగుల తాత ఇన్‌హోకు తాత కాడు. ‘గొడుగుల సందు’ అనే పాత నలుపు తెలుపు సినిమాలో ఒక చిన్న పాత్ర. సందు మొదట్లో స్టూలు వేసుకొని విరిగిన గొడుగులు బాగుచేస్తుంటాడు. అలిగి వెళ్ళిపోయిన కూతురు కోసం ఎదురుచూస్తుంటాడు. ఒక రోజు బాగుచేసిన గొడుగులన్నీ దారినపోయేవాళ్ళకు పంచిపెట్టేస్తాడు. తర్వాత ఖాళీ స్టూలు మీద వాన పడుతుంటుంది. అక్కడితో ప్రింటు తెగిపోతుంది. ఆఖరి రీలు ఎక్కడా దొరకలేదు.

ఆయన పోయాడా, ఉన్నాడా అని ఆ సినిమా అభిమానుల బృందంలో ఒకప్పుడు నెలల తరబడి రాద్ధాంతం జరిగింది. పోయాడని తేల్చింది ఇన్‌హోనే. ఖాళీ స్టూలు మీద అతను రాసిన వ్యాసం చదివి ఎదుటి పక్షం నోరు మూసుకుంది. ఉన్నాడన్న వర్గం అలిగి వేరే బృందం పెట్టుకుంది. సినిమాలో గోడ మీది క్యాలెండరులో కనబడే తేదీనే వర్ధంతిగా ఖాయం చేశారు. మొదటి ఏడాది బృందంలో అందరూ బల్లలు అలంకరించి ఫొటోలు పెట్టారు. ఏటేటా కొన్ని బల్లలు తగ్గిపోతూ వచ్చాయి. నిరుటికి మిగిలింది ముగ్గురు. ఈ ఏడు ఎవరొస్తారో తెలియదు. ‘పాత టికెట్టు’ అనే పేరుతో రాసే మనిషి మాత్రం వస్తాడని ఇన్‌హో నమ్మకం. ఆడమనిషో, మగవాడో, ముసలివాడో కూడా తెలియదు. కాని తన వాక్యం సగంలో ఆగితే మిగతా సగం పాత టికెట్టు పూర్తిచేస్తాడు. అంతకంటే దగ్గరివాళ్ళు ఇన్‌హోకు ఎవరూ లేరు.

ఇన్‌హో పనిచేసే అట్టపెట్టెల కంపెనీలో మేంగ్ మేనేజరు గారు మధ్యాహ్నం భోజనం కాగానే చేతులు రుద్దుకుంటూ లేచారు.

"సాయంత్రం అందరం పంది మాంసం కాల్చుకుందాం. హోటల్లో బల్ల చెప్పేశాను. రానివాళ్ళు చేతులెత్తండి, ఆ చేతులే కాల్చుకుందాం!"

అందరూ నవ్వారు. ఇన్‌హో మాత్రం సాకు కోసం వెతుక్కున్నాడు. పంటినొప్పి వసంతంలోనే వాడేశాడు. కడుపునొప్పి ఎండాకాలంలో ఖర్చయిపోయింది. నోటికి దగ్గరగా ఉన్నది నిజం ఒక్కటే.

"ఇవాళ మా ఇంట్లో తద్దినం సార్."

ఆ ఊళ్ళో ఆ మాటకు తిరుగులేదు. పెళ్ళాం పురుడన్నా ఒక గ్లాసు తాగి వెళ్ళమంటారు గాని, తద్దినమంటే చెయ్యి పట్టుకొని ఆపేవాళ్ళు ఉండరు. పైగా మేంగ్ గారు ఆచారాలకు పేరుపడ్డ ఆన్‌డాంగ్‌లో పెద్దింటికి పెద్ద మనవడు. గతించిన ఏడు తరాల వాళ్ళ ఆకలి ఆయన పూచీ.

"ఎవరిదయ్యా?" ఆయన గొంతు తగ్గించారు.

"తాతగారిది." అబద్ధం కాదు. సినిమాలో అందరూ ఆయన్ని తాతా అనే పిలుస్తారు.

"పెద్దవాళ్ళెవరెవరు వస్తున్నారు?"

సరిగ్గా ఇక్కడ అబద్ధం ఆడవలసింది. ఇన్‌హో నిజం చెప్పాడు.

"ఎవరూ లేరు సార్. నేనొక్కణ్ణే."

"ఒక్కడివే?" మేంగ్ గారు కుర్చీలో కూలబడ్డారు. "మరి గిన్నె ఎవరు పట్టుకుంటారు? సారా ఎవరు పోస్తారు? నువ్వే పోసుకొని, నువ్వే అందుకొని, నువ్వే వంగుతావా?"

"అలవాటే సార్."

"అలవాటట!" మేనేజరు గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా పక్క బల్ల దగ్గర ఇన్నేళ్ళుగా ఒక మనిషి ఒంటరిగా తద్దినం పెట్టుకుంటుంటే నేను మాంసం కాల్చుకుంటున్నాను. డిన్నరు రద్దు! అందరం తక్ ఇంటికి పోదాం!"

ఆ గదిలో ఉన్న ఆరోగ్యవంతులందరికీ ఒక్క క్షణంలో పంటినొప్పులూ కడుపునొప్పులూ వచ్చేశాయి. లెక్కలు చూసే బాంగ్ మిరాన్ మాత్రం ఫోన్లో ఉండి జబ్బు పడడంలో వెనకబడిపోయింది. ఫోను పెట్టేసేసరికి ఆమె పేరు ఖాయమైపోయింది.

"సార్, తద్దినాల వంట మాన్పించడానికి మా అత్తగారితో ఏళ్ళ తరబడి పోట్లాడి నిరుడే గెలిచాను. ఇప్పుడు ఆఫీసు తరఫున మళ్ళీ మొదలా?"

"వండక్కర్లేదమ్మా, అన్నీ బజార్లో కొనేద్దాం."

"గిన్నెలు?"

"తక్ కడుగుతాడు."

"రాసిమ్మనండి."

ఇన్‌హో అడ్డుపడ్డాడు. "ఇల్లు చాలా చిన్నది సార్. ఒకటే గది."

"తాతగారేమన్నా కారేసుకొని వస్తున్నారా, చోటు చాలకపోవడానికి?" అని మేంగ్ గారు ఫోను తీసి, ఆఫీసువాళ్ళందరికీ చేరేలా రాసేశారు: ‘తక్ ఇన్‌హో ఇంట్లో తాతగారి కార్యం. సాయంత్రం డిన్నరు రద్దు.’ దాన్ని హెడ్డాఫీసులో ఒకాయన చదివాడు. ఆయనకు తద్దినాల సంగతి చూసే నిబంధన ఏదీ లేదు. చావుల సంగతి చూసే నిబంధన ఉంది. దాని ప్రకారం చేయవలసింది చేసి, ఆయన టీ తాగడానికి వెళ్ళాడు.

బజారులో మేంగ్ గారు పియర్ పళ్ళ పెట్టె, ఖర్జూరాలు, చెస్ట్‌నట్లు, గుడ్డులో ముంచి వేయించిన చేప ముక్కలు కొన్నారు. డబ్బు తనే ఇచ్చారు. ఎండు చేప దగ్గర ఇన్‌హో ఉండబట్టలేకపోయాడు.

"అది వద్దు సార్. తాతగారికి పళ్ళు లేవు. టోఫు తీసుకుందాం."

"చూశావమ్మా మిరాన్," అని మేంగ్ గారు ముక్కు చీదుకున్నారు. "మనవడంటే ఇదీ."

మిరాన్ ఇన్‌హో వంక చూసింది. ఇన్నేళ్ళలో ఆమె అతన్ని అంత సేపు చూడడం అదే మొదటిసారి. అతను పియర్ పెట్టెను మొహానికి అడ్డంగా ఎత్తుకున్నాడు.

ఇంటి గేటు దగ్గర మూడంతస్తుల పూల స్టాండు నిలబడి ఉంది. నిండా తెల్ల చామంతులు, రెండు పక్కలా నల్ల రిబ్బన్లు. ‘స్వర్గస్థుల ఆత్మకు శాంతి కలుగుగాక’ అని ఒక దాని మీద, కంపెనీ పేరు ఇంకోదాని మీద. మెట్ల మీద కింది ఇంటి అవ్వ తాళాల గుత్తి పట్టుకొని ఏడుస్తూ కూర్చుంది. ఇన్‌హో అద్దెకుండే పైగది ఆమెదే.

"ఎవరు పోయారవ్వా?" అని మేంగ్ గారు అడిగారు.

"పైగదిలో అబ్బాయి. పూలు తెచ్చినవాడు తక్ ఇన్‌హోవి ఎక్కడ పెట్టాలని అడిగాడు. గుండె ఆగిపోయింది నాయనా. తలుపు కొట్టాను, పలకలేదు. తాళం తీద్దామంటే ధైర్యం చాలలేదు."

పెట్టె వెనక ఇన్‌హో నోరు తెరిచాడు. మూశాడు. ఆ క్షణంలో అతనికి ఏమైందో తర్వాత ఎంత ఆలోచించినా తేలలేదు. తను పోయాక తన గురించి ఎవరైనా ఏదైనా అంటారని అతను ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు అంటున్నారు. వినాలనిపించింది.

"మంచివాడే," అవ్వ తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంది. "చప్పుడుండదు. అదే నా భయం. చప్పుడు చేసేవాళ్ళయితే చప్పుడు ఆగినప్పుడు తెలుస్తుంది. వీడికి అదీ లేదు. చుట్టం లేదు, చూసిపోయేవాళ్ళు లేరు. అందుకే బుధవారం బుధవారం వాడి చెత్తసంచి బయటికొచ్చిందా లేదా అని చూస్తుంటాను. ఈ వారం రాలేదు. అప్పుడే అనుకున్నాను."

"సంచి నిండలేదవ్వా," అంది పియర్ పెట్టె.

అవ్వ వేసిన కేకకు ఎదురింటి కుక్క కూడా కేక వేసింది. పెట్టె దిగింది. మొహం కనబడింది. అవ్వ తాళాల గుత్తితో ఇన్‌హో భుజం మీద ఒక్కటి వేసింది. "బతికుంటే బతికున్నానని చెప్పొద్దుట్రా!" అని ఇంకోటి వేసి, పట్టుకొని ఏడ్చింది. జరిగింది తెలిశాక, "తాతకు తద్దినమా? నేనూ వస్తాను పద," అని వాళ్ళ ముందే మెట్లెక్కింది. పూల స్టాండు మాత్రం మెట్ల మలుపు తిరగలేక గేటు దగ్గరే ఉండిపోయింది.

గదిలో బల్ల మీద గొడుగుల తాత ఫొటో పొద్దుటి నుంచే సిద్ధంగా ఉంది. మేంగ్ గారు దాని ముందు చేతులు కట్టుకొని నిలబడ్డారు.

"ముక్కు నీదేనయ్యా."

"అవునా సార్?"

"ఆ వంపు చూడు. రక్తం ఎక్కడికి పోతుంది?"

మిరాన్ వంగి చూసింది. "ఫొటో ఎవరు తీశారు? వెలుగు ఎంత బాగా పడిందో!"

"పని తెలిసినాయనే," అన్నాడు ఇన్‌హో. అవ్వ కళ్ళజోడు కిందే మర్చిపోయి వచ్చింది కనుక, దూరం నుంచే చూసి తలాడించింది.

ఎర్ర పళ్ళు తూర్పున, తెల్ల పళ్ళు పడమర పెట్టాలన్నారు మేంగ్ గారు. మిరాన్ ఫోనులో దిక్సూచి తీసింది. "సార్, తూర్పు అంటే మరుగుదొడ్డి వైపు."

"తద్దినంలో బల్ల ఎటుంటే అదే ఉత్తరం. ఫోనుకేం తెలుసు పెద్దల సంగతి? అవునూ, తాతగారి పూర్తి పేరు చెప్పు, కాగితం మీద రాసి పెడదాం."

"పేరు... ఎవరూ పేరు పెట్టి పిలవలేదు సార్. గొడుగులు బాగుచేసేవాడు. గొడుగుల తాత అనేవాళ్ళు."

ఎవరూ నవ్వలేదు. మిరాన్ ఖర్జూరాలు సర్దడం ఆపింది. "ఎలా పోయారు?" అని మెల్లగా అడిగింది.

ఇన్‌హో చెప్పడం మొదలుపెట్టాడు. విరిగిన చువ్వను ఆయన చెవి దగ్గర పెట్టుకొని వినే పద్ధతి, అరువు అడిగినవాళ్ళను తిడుతూనే గొడుగు ఇచ్చెయ్యడం, కూతురి చెప్పుల చప్పుడులాంటిది వినబడితే తల ఎత్తకుండా చేతులు మాత్రం ఆగిపోవడం. ఇవన్నీ వందసార్లు రాసినవే. నోటితో చెప్పడం ఇదే మొదలు.

"ఆఖర్న ఏం జరిగిందో ఎవరూ చూడలేదు. వాన పడుతోంది. స్టూలు ఖాళీగా ఉంది. అంతే."

మేంగ్ గారు బాహాటంగానే ఏడ్చారు. సారా ఆయనే పోశారు. ఇన్‌హో గిన్నె అందుకొని ఫొటో ముందు పెట్టి సాష్టాంగపడ్డాడు. లేచి చూస్తే పక్కన మేనేజరు గారి వీపు, అవతల మిరాన్ వంచిన తల. ఒంటరిగా వంగినప్పుడు ఎంతసేపు వంగి ఉండాలో ఎప్పుడూ తెలిసేది కాదు. పక్కన మనుషులుంటే వాళ్ళతో పాటు లేస్తే సరిపోతుంది. పోయినవాళ్ళకు మాత్రమే చేసే పద్ధతిలో అన్నం మధ్యలో చెంచా నిలువుగా గుచ్చి, పెద్దాయన తినేదాకా అందరూ తలలు వంచుకొని కూర్చున్నారు.

జేబులో ఫోను గుర్రుమంది. ఇన్‌హో బల్ల కింద చూశాడు. పాత టికెట్టు పెట్టిన ఫొటో: ఒక గిన్నె, పక్కన మడిచిన గొడుగు. ‘ఈ ఏడు మనిద్దరమే ఉన్నట్టున్నాం. వచ్చావా?’

జవాబు రాసే వీలు లేదు. మేంగ్ గారి తల ఇంకా వంచే ఉంది. ఈలోగా భోజనంలోకి కిమ్చి పచ్చడి తేవడానికి కిందికి వెళ్ళిన అవ్వ డబ్బాతో, కళ్ళజోడుతో తిరిగొచ్చింది. ఫొటో ముందు ఆగింది.

"ఈయన ఇక్కడేం చేస్తున్నాడు?"

"మా తాతగారవ్వా," అన్నాడు ఇన్‌హో, వినీ వినబడనట్టు.

"నీ తాతేమిట్రా! గొడుగుల తాత! సినిమాలో ఆయన! పెళ్ళికి ముందు చూశాను. థియేటరు కప్పు కారుతుంటే హాల్లో గొడుగేసుకొని మరీ చూశాం."

మేంగ్ గారు మోకాళ్ళ మీదే ఇటు తిరిగారు. "సినిమానా?"

ఇన్‌హో చెవులు కాలిపోయాయి. రేపు ఆఫీసులో తన బల్ల చుట్టూ వినబడబోయే నవ్వు ఇప్పుడే వినబడింది. "అవును సార్. సినిమాలో మనిషి. కాని... పోయింది మాత్రం నిజం."

"పోవడమేమిటి?" అంది అవ్వ. "ఎవరు చెప్పారు నీకు? స్టూలు మీద వాన పడుతుందా? ఆ తర్వాత కూతురింట్లో కూర్చొని వేడి వేడి నూడుల్స్ తింటుంటాడు. ఆత్రంతో మూతి కాల్చుకుంటాడు. హాలు హాలంతా నవ్వాం."

"వేరే సినిమా ఏమో అవ్వా," అంది మిరాన్, ఇన్‌హో మొహం చూసి.

"ఆ నూడుల్స్ చూసి నోరూరి, బయటికొచ్చాక మేమూ తిన్నాం. నాతో వచ్చినాయన కొనిపెట్టాడు. ఆయన్నే చేసుకున్నాను. అది వేరే సినిమా ఎలా అవుతుందే?"

మేంగ్ గారు ఫొటోను చూశారు, ఇన్‌హోను చూశారు, అన్నం గిన్నెను చూశారు. ఆయన మొహం మెల్లగా ఎర్రబడింది.

"తక్. సినిమా మనిషయితే అయ్యాడు, పోనీ. ఏడ్చాను, అదీ పోనీ. కాని బతికున్న మనిషికి తద్దినం పెట్టిస్తావుటయ్యా నా చేత! అన్నంలో చెంచా గుచ్చి!" ఆయన ఒక్క ఉదుటున లేచి చెంచా పీకేశారు. "ఆన్‌డాంగ్‌లో ఈ మాట తెలిస్తే మా వాళ్ళు నన్ను గుమ్మం ఎక్కనిస్తారా?"

"ఇప్పుడేం చెయ్యాలి సార్?"

"తినెయ్యాలి. వేడి చల్లారకముందే అందరం కూర్చొని తినేస్తే ఇది మామూలు భోజనం అయిపోతుంది. కూర్చోండి, కూర్చోండి!"

తిన్నారు. తింటుండగా మేంగ్ గారు ఉన్నట్టుండి, "నేనయితే పిలవందే కూతురింటికి వెళ్ళను," అన్నారు. మిరాన్ చేప ముక్క కింద పెట్టింది. "అందుకే సార్ కూతుళ్ళు అలుగుతారు. ఆయనకు మీకన్నా బుద్ధి ఉంది." "కూతురే వచ్చి తీసుకెళ్ళింది," అంది అవ్వ. "అలాగని చూపించారా?" అన్నారు మేంగ్ గారు. "చూపించలేదు. తెలుస్తుంది." ముగ్గురూ ఒకళ్ళ మాట మీద ఒకళ్ళు అరుచుకున్నారు. ఖాళీ స్టూలు మీద వ్యాసం రాసి ఒక వర్గాన్నే తరిమేసిన ఇన్‌హోకు నోరు తెరిచే సందు దొరకలేదు. అతను టోఫు తింటూ వింటూ ఉండిపోయాడు.

వెళ్ళేటప్పుడు మిరాన్ చెప్పులు వేసుకుంటూ, "ఆఫీసులో ఏమీ చెప్పను లెండి," అంది. తర్వాత, "ఆ సినిమా ఉంటే పంపండి," అని మెట్లు దిగింది. గిన్నెలు మాత్రం ఒక్కటీ ముట్టుకోలేదు.

మేంగ్ గారు, అవ్వ కూడా వెళ్ళిపోయారు. ఇన్‌హో ఫోను తీశాడు. పాత టికెట్టు మూడుసార్లు రాశాడు. ‘వచ్చావా?’ ‘బల్ల పెట్టలేదా?’ చివరిది: ‘ఒంట్లో బాగానే ఉందా? ఒక్క మాట రాయి.’

అతను రాయబోయి ఆగాడు. తాత పోలేదని రాస్తే వర్ధంతి లేదు. వర్ధంతి లేకపోతే వచ్చే ఏడు ఈ రాత్రి లేదు, పాత టికెట్టు లేడు. ఒక ముసలాయన్ని బతికిస్తే పోయేది అదొక్కటే, కాని ఇన్‌హోకు ఉన్నదీ అదొక్కటే. అంతకంటే ఇబ్బందిగా ఇంకో సంగతి తోచింది. స్టూలు మీద ఆయన లేడని చూడగానే చచ్చిపోయాడని తనే ఎందుకంత గట్టిగా వాదించాడు? ఎవరైనా వచ్చి తీసుకెళ్ళి ఉండవచ్చన్నది తన బుర్రకు ఎందుకు తట్టలేదు?

‘బాగానే ఉన్నాను,’ అని రాశాడు. ‘తాత కూడా బాగానే ఉన్నాడు. ఆఖరి రీలు చూసినావిడ దొరికింది. కూతురింట్లో నూడుల్స్ తిన్నాడట. మూతి కాలిందట.’

ఇన్‌హో సగం గిన్నెలు కడిగాడు. అప్పుడు ఫోను గుర్రుమంది.

‘అయితే ఆయన పుట్టినరోజు ఎప్పుడో కనుక్కో.’

ఇన్‌హో చేతులు తుడుచుకున్నాడు. మూల ఉన్న చెత్తసంచి చూశాడు. సగం కూడా నిండలేదు. డబ్బిచ్చి కొన్న సంచిని నిండకుండా బయట పెట్టడం అతని జీవితంలో లేదు. పియర్ తొక్కలు, కాగితాలు అందులోకి తోసి, మూతి గట్టిగా ముడివేసి, కిందికి దిగి, తెల్ల చామంతుల పక్కన, అవ్వ కిటికీకి సరిగ్గా ఎదురుగా దాన్ని నిలబెట్టాడు.

కిటికీ రెక్క తెరుచుకుంది.

"చూశాను, సంతోషం! పళ్ళ తొక్కలు వేరే డబ్బాలో వెయ్యాలని ఎన్నిసార్లు చెప్పాల్రా?"